నూటపదహార్ల నోటు

పోయిన వారం హైదరాబాదు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. నేను అప్పుడు జెరాక్సు మిషను దగ్గర ఉన్నాను. బళ్ళు తెరిచే రోజులు కదా, ఆధార్ కాపీల కోసం జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. "మీ కొత్తపేటలో ఒకప్పుడు కోనసీమ బొమ్మలతో నూటపదహారు రూపాయల నోట్లు వేశారట కదా మేడమ్. డిజైను మీరే చేశారని తెలిసింది. ఒక్కటి దొరుకుతుందా?" అన్నాడు. అతను దేశదేశాల జ్ఞాపిక నోట్లు పోగు చేస్తాడట. చూడ్డానికి వెళ్ళిన చోట కోట బొమ్మో గోపురం బొమ్మో వేసి అమ్ముతారే, అచ్చం డబ్బులా ఉండి ఎక్కడా చెల్లని కాగితాలు, అవి. మా నోటుకి అతను చెప్పిన ధర వినగానే నా చేతిలో ఉన్న కాగితాలు జారిపోయాయి. నెలంతా ఈ మిషను ముందు నిలబడితే నాకు మిగిలేది ఇంచుమించు అంతే.

అవిప్పుడు లేవండీ అని ఫోన్ పెట్టెయ్యాల్సింది. "చూస్తానండి, వారంలో చెప్తాను" అన్నాను. ఆ నోట్లు అచ్చేసిన మనిషి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ మనిషికి ఆ నోట్ల వల్ల ఏం జరిగిందో కళ్ళారా చూసినదాన్ని నేను. అయినా ఆ పూటంతా నా బుర్రలో తిరిగింది ఆయన కాదు, ఆ ధర. ఇది రాయడానికి కూర్చుంటే మొదట అదే సిగ్గుగా ఉంది.

ఆయన్ని మేమంతా ప్రెస్సు బాబాయిగారు అనేవాళ్ళం. నాకు చుట్టమేమీ కాదు. మా కొత్తపేటలో బాబాయిగారు కాని మగాడూ పిన్నిగారు కాని ఆడదీ ఉండరు. ఆయనది శుభలేఖల ప్రెస్సు. నేను ఇంటరు తప్పి, ఆయన దగ్గర కంప్యూటరు మీద అక్షరాలు కొట్టే పనిలో చేరి, ఆయన పోయేదాకా అక్కడే ఉన్నాను.

ఏ శుభలేఖైనా అచ్చుకి వెళ్ళేముందు ఆయన లేచి నిలబడి, భూతద్దం పట్టుకుని, పైకి చదవాల్సిందే. ఊరికే చదవడం కాదు. పెద్దల పేర్ల దగ్గర పంచె సర్దుకునేవారు. పెళ్ళికూతురి పేరు వచ్చినప్పుడు నవ్వుమొహం పెట్టేవారు. విందు అన్న మాట దగ్గర మాత్రం గుటక పడేది, మింగి మరీ చదివేవారు. నేను ఫక్కున నవ్వితే "నవ్వుతావేంటమ్మాయ్, పలావు ఉండేది అక్కడే కదా" అనేవారు.

తను అచ్చేసిన ప్రతి పెళ్ళికీ వెళ్ళేవారు. గుడిలో అయితే గుడికి, చర్చిలో అయితే చర్చికి. పిలిచినా సరే, పిలవడం మర్చిపోయినా సరే. "ముహూర్తం నేను వేసేనమ్మాయ్ కార్డు మీద. సరిగ్గా పడిందో లేదో చూసుకోవద్దూ?" అని స్కూటరు తీసేవారు. భోజనమయ్యాక సరాసరి చదివింపుల బల్ల దగ్గరికే. మా వైపు పెళ్ళిళ్ళలో చదివింపులు తెలుసు కదా. ఒకాయన మైకు ముందు కూర్చుని, ఫలానా వారు ఇంత చదివించారని ఊరంతా వినేలా చెప్తాడు. బాబాయిగారు ఆ మైకాయన పక్కనే కుర్చీ లాక్కుని, ఇంటిపేరు తప్పు పోతే చెవిలో దిద్దుతూ ఉండేవారు. మా చుట్టుపక్కల మూడు మండలాల్లో ఏ ఇంటిపేరు ఏ ఊరిదో ఆయనకి నోటికొచ్చు. అదే ఆయన సినిమా, అదే ఆయన షికారు.

సున్నా అంటే మాత్రం పడేది కాదు. నూటపదహార్లు, ఐదొందల పదహార్లు, వెయ్యిన్నూటపదహార్లు. ఇచ్చేది ఏదైనా చివర సున్నా ఉండకూడదు. నా జీతం మీద కూడా ఒక రూపాయి బిళ్ళ వేసి ఇచ్చేవారు. "సున్నా పెట్టి ఇస్తే ఇక మనకీ మీకూ చెల్లు అన్నట్టుంటుందమ్మాయ్. మొహం మీద తలుపేసినట్టుంటుంది" అనేవారు. టీ కొట్లో కూడా అదే వరస. ఆ కొట్టాయన ఆ రూపాయలన్నీ ఒక డబ్బాలో వేసి, ఏడాదికోసారి వాటితోనే మా ప్రెస్సు అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టేవాడు.

ఇలాంటి మనిషి దగ్గరికి రాజోలు నుంచి ఒకాయన కూతురి శుభలేఖలకి వచ్చాడు. కువైట్లో డ్రైవరు. యజమాని కుటుంబం ఐరోపా తిరగడానికి వెళ్తూ తననీ వెంట తీసుకెళ్ళారట. పర్సులోంచి ఒక నోటు తీసి చూపించాడు. ఊదారంగు, ఇనప గోపురం బొమ్మ, మూలన పెద్ద సున్నా.

"ఈ సున్నా ఏంటండీ?" అన్నారు బాబాయిగారు, భూతద్దం దించకుండానే.

"ఆయ్, అది చెల్లదండి. గుర్తుగా దాచుకోడానికండి."

"ఎంతకి కొన్నారేంటి?"

"మన డబ్బుల్లో మూడొందల దాకా పడిందండి."

"అయ్ బాబోయ్! మూడొందలెట్టి సున్నా కొన్నారా!"

ఆయనతోపాటు మేమందరం నవ్వాం. రాజోలాయన కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నం బాబాయిగారు కునుకు తియ్యలేదు. సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, వాళ్ళకి ఇనప గోపురం ఉంటే మనకేం తక్కువ? పలివెల కొప్పేశ్వరుడి గుడి లేదూ? గోదారి మీద కాలవ మోసే గన్నవరం అక్విడెక్టు లేదూ? అంతర్వేది లైట్‌హౌసు లేదూ? మనమూ వేద్దాం నోట్లు" అన్నారు. సున్నా మాత్రం వెయ్యరట. ఎవరికైనా గుర్తుగా ఇచ్చే కాగితం మీద సున్నా ఏంటి, అశుభం. నూటపదహారు వేద్దామన్నారు.

"పోలీసులొచ్చి పట్టుకుపోతారండి బాబాయిగారూ" అన్నాను.

"దొంగనోటు అనాలంటే అసలు నోటంటూ ఉండాలి కదే పిచ్చిమొహమా. నూటపదహార్ల నోటు ఎక్కడుంది చెప్పు, లోకంలో?"

నాకూ నిజంగానే ముచ్చటేసింది. నాలుగు రోజులు కూర్చుని, చుట్టూ కొబ్బరాకుల అంచు పెట్టి, మధ్యలో బొమ్మ, మూలల్లో బంగారు రంగులో నూటపదహారు వేశాను. కింద జ్ఞాపిక మాత్రమే అని కూడా వేశాం. చదువుకున్నవాళ్ళకి అది చాలు. చదువు రానివాళ్ళ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

నోట్లు బాగా పోయాయి. ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు ఒకటి పెట్టెకో నోటు చొప్పున పెట్టి అమ్మడం మొదలెట్టింది. కార్లేసుకుని వచ్చేవాళ్ళు రేకుల కన్నా ముందు నోటు తీసి ఫోటో తీసుకునేవారు. బాబాయిగారు వారానికోసారి అక్కడికి వెళ్ళి, ఊరికే ఎదురరుగు మీద కూర్చుని, జనం తన నోటు చూసుకుని నవ్వుకోవడం చూసి వచ్చేవారు.

ఆ కొట్టు ముందు ఒక మామ్మగారు రేకులు తీసేది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పిండినీళ్ళలో ముంచిన గుడ్డ పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం లాంటి రేకు చేతికి వచ్చేది. వచ్చినవాళ్ళు ఫోన్లు పెట్టి వీడియోలు తీసి, వెళ్ళేటప్పుడు ఆవిడ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా, పెట్టెలో ఉన్న మా నోటు తీసి "ఉంచండి మామ్మగారూ" అని పెట్టేవారు. కొందరు ప్రేమగానే ఇచ్చి ఉంటారు. కొందరు వెటకారానికీ ఇచ్చి ఉంటారు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

కొన్నాళ్ళకి ఆవిడ మనవరాలి పెళ్ళి కుదిరింది. కార్డులు మావే. బాబాయిగారూ నేనూ స్కూటరు మీద వెళ్ళాం. చర్చిలో పెళ్ళయ్యింది, పందిట్లో భోజనాల బంతులు నడుస్తున్నాయి. మేము రెండో బంతిలో కూర్చున్నాం. ఆయన పలావు కలుపుకుంటూ ఒక చెవి మైకు మీదే వేసి ఉంచారు. మైకు దగ్గర పెళ్ళికొడుకు తరఫు మాస్టారొకాయన, మంచి హుషారు మనిషి, ఒక్కొక్కరి చదివింపుకీ ఒక చమత్కారం అంటిస్తున్నాడు. మామ్మగారు కొత్త చీర కట్టుకుని వచ్చి ఒక జేబురుమాలు మూట ఆయన ముందు పెట్టింది.

"పెళ్ళికూతురి అమ్మమ్మగారు..." అని మొదలెట్టి, మాస్టారు మూట విప్పాడు. "అయ్ బాబోయ్! ఇవేం నోట్లండి మామ్మగారూ? ఒకదాని మీద గుడి, ఒకదాని మీద లైట్‌హౌసు! పిల్లలాడుకునే నోట్లు తెచ్చేసేరేంటండీ?"

"కాదండి బాబూ, కొత్త నోట్లండి. నూటపదహార్లయి" అంది ఆవిడ. ఆ మాటా మైకులో పడింది. "చదివింపులకని సర్కారోళ్ళు తీసేరండి, రూపాయి బిళ్ళ ఎతుక్కోకుండాను. ఇందుకోసమే ఒక్కటి కూడా మార్చకుండా దాచేనండి."

పందిరి పందిరంతా నవ్వింది. నిజం చెప్పాలంటే ఆవిడ అనుకున్నదాంట్లో వింతేముంది? పాత నోట్లు రద్దయి, రోజుకో రంగు నోటు చేతికొచ్చిన కాలం. గులాబీ రంగుదొకటి, పసుప్పచ్చదొకటి. నూటపదహార్లు చదివించే మన వాళ్ళ కోసం సర్కారు ఒక నోటు వేసిందంటే ఆవిడ నమ్మింది. నవ్వుతున్నవాళ్ళని చూసి ఆవిడ కూడా కాసేపు నవ్వింది. తర్వాత ఎందుకు నవ్వుతున్నారో తెలిసింది. వేదిక మీద కుర్చీలో పెళ్ళికూతురు తల దించేసుకుంది. నా చెవులు కాలిపోయాయి. ఆ అంకెలకి బంగారు రంగు వేసింది నేనే కదా.

పక్కన చూస్తే బాబాయిగారు లేరు. ఎంగిలి చేత్తోనే బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఎడం చేత్తో మైకు లాక్కున్నారు.

"అవి నేనేసిన నోట్లండి. చెల్లుతాయి. నా దగ్గర చెల్లుతాయి. చదవండి మాస్టారూ."

"మీరూరుకోండి బాబాయిగారూ, ఏదో సరదాకి..."

"చదవమంటున్నానండి."

మాస్టారు చదవలేదు. బాబాయిగారు జేబులో ఉన్నదంతా తీసి బల్ల మీద పెట్టారు. ఆ అసలు నోట్లకి పలావు మెతుకులు అంటుకున్నాయి. బొమ్మనోట్లన్నీ జేబులో కుక్కుకున్నారు. అప్పుడు తనే, శుభలేఖ చదివే గొంతుతో, "పెళ్ళికూతురి అమ్మమ్మగారు, అన్నీ నూటపదహార్లే" అని చదివారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మామ్మగారు ఆయన వైపు చూడకుండా వంటల వైపు వెళ్ళిపోయింది.

తిరిగి వస్తూ, కొత్తపేట పొలిమేర దాకా వచ్చాక, "మూడొందలెట్టి సున్నా కొన్నాడని ఆ రాజోలాయన్ని చూసి నవ్వేను కదమ్మాయ్. నేను ఆ సున్నాకే బట్టలు కట్టి ఊరి మీదకి వదిలేను" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మామ్మగారు బస్సు దిగి ప్రెస్సుకి వచ్చింది. చేతిలో పూతరేకుల పెట్టె. ఆయన గబుక్కున లేచి తన కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోలేదు.

"నిన్న నలుగురిలో చెల్లుతాయన్నారు. చెల్లవు కదండీ?"

"చెల్లవండి మామ్మగారూ."

"మరి అబద్ధం ఎందుకాడేరండి?"

"నా మూలంగా మీరు నవ్వులపాలయ్యేరు కదండీ. చూడలేకపోయేను."

"నవ్వితే నవ్వేరు బాబూ. రెండు రోజులు నవ్వుకుని మానేస్తారు. ఇంతకీ నా మనవరాలికి నేనేటీ చదివించలేదన్నమాట. మీరు చదివించేరు. అంతేగా?"

ఆవిడ కోపంగా కూడా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. నేను కంప్యూటరు తెరలోకి చూస్తూ కూర్చున్నాను, అక్కడేమీ లేకపోయినా. నిన్న ఆయన చేసింది ఎంత గొప్ప పనో రాత్రంతా మా ఇంట్లో చెప్పి చెప్పి నిద్రపోయినదాన్ని. ఆ గొప్ప పనిలో ఈవిడ చదివింపు కాస్తా ఎగిరిపోయిందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియలేదు.

"ఈ రేకులు ఉంచండి. ఉత్తినే పుచ్చుకోను ఎవరి దగ్గరా" అని పెట్టె బల్ల మీద పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ లైట్‌హౌసు బొమ్మది ఒకటి ఇప్పించండి. చెల్లకపోయినా పరవాలేదు. నా పని బాగుందని ఇచ్చినయ్యే కదా" అంది. ఆయన తీసి ఇచ్చారు.

ఆ సాయంత్రమే కొట్లన్నీ తిరిగి మిగిలిన నోట్లు వెనక్కి తెచ్చేశారు. కటింగ్ మిషను కింద పెట్టి ముక్కలు చేయించారు. ఆ ముక్కలు తుడిచింది నేనే.

అక్కడి నుంచి ఆయన ఒక్క పెళ్ళికి వెళ్ళలేదు. శుభలేఖలు వేసేవారు, భూతద్దం పెట్టి చూసేవారు, పైకి మాత్రం చదివేవారు కాదు. "మీరు తప్పకుండా రావాలండి బాబాయిగారూ" అని పసుపు బొట్టు పెట్టిన కార్డు చేతికిస్తే, "ఆయ్, ఎందుకు రానండీ" అనేవారు. ముహూర్తం వేళకి షట్టరు సగం దించుకుని లోపల కూర్చునేవారు. ఒకసారి ప్రెస్సు ఎదురింట్లోనే పెళ్ళి. మైకులో చదివింపులు మా లోపలికి వినిపిస్తున్నాయి. ఒక ఇంటిపేరు తప్పు చదివారు. బాబాయిగారు కుర్చీలోంచి సగం లేచారు, మళ్ళీ కూర్చున్నారు.

"వెళ్ళండి బాబాయిగారూ, ఎన్నాళ్ళిలాగ? ఎవరికీ గుర్తు కూడా లేదు" అన్నాను.

"ఆవిడకి ఉంటుంది కదమ్మాయ్" అన్నారు.

ఆత్రేయపురం వెళ్ళి ఒకసారి మాట్లాడి రండి అని కూడా అన్నాను. "ఏ మొహం పెట్టుకుని?" అన్నారు. వెళ్ళలేదు. పోయిన వానాకాలం జ్వరంతో పడుకుని, లేవలేదు. దినకార్యం కార్డు నేనే కొట్టాను, తెలిసిన ఇంటిపేర్లన్నిటికీ పంపాను. ఆత్రేయపురం ఒక కార్డు పంపాలని మాత్రం నాకు తోచలేదు.

తోచనిదాన్ని తోచనట్టే ఉండాల్సింది. మొన్న ఆదివారం ఆత్రేయపురం బస్సెక్కాను. ఎందుకెక్కానో మనసుకి ఏవేవో చెప్పుకున్నాను. మామ్మగారిని చూసి చాలా కాలమైందని, మంచీ చెడూ కనుక్కోవాలని. అబద్ధం. ఆ లైట్‌హౌసు నోటు కోసం వెళ్ళాను.

ఆవిడ ఇప్పుడు రేకులు తియ్యడం లేదు. కళ్ళు బాగా మందగించాయి. అరుగు మీద కూర్చుని మనవరాలి కొడుకుని ఆడిస్తోంది. గొంతు గుర్తుపట్టి, "ప్రెస్సులో అమ్మాయివి కదూ! రామ్మా" అని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ఎలాగెలాగో తిప్పి తిప్పి హైదరాబాదు మనిషి సంగతి చెప్పాను. ఎంతిస్తానన్నాడో అంతా చెప్పాను, ఆ డబ్బు మీకేనండి అన్నాను. బస్సెక్కినప్పుడు ఆ మాట నా మనసులో లేదు. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉండేసరికి వచ్చింది.

మనవరాలు లోపల్నుంచి బైబిలు తెచ్చింది. మామ్మగారు అందులోంచి నోటు తీసి, వేళ్ళతో తడిమింది.

"అయితే ఇది ఇప్పుడు చెల్లుతుందా?"

"చెల్లుతుందండి. మీద రాసినదానికి ఎన్నో రెట్లిస్తారండి."

"వెటకారానిక్కాదు కదా?"

"కాదండి మామ్మగారూ. నిజంగానే."

పిల్లాడు నోటు లాక్కోబోతే చెయ్యి పైకెత్తి పట్టుకుంది. తర్వాత మనవరాలు ఉన్న వైపు తిరిగి, "విన్నావటే? ఆవేళ నేను చదివించిందీ మంచి నోట్లేనంట" అంది. ఆ పిల్ల కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఆయన పోయారని ఇప్పుడు చెప్పాలి. ఆ మాట చెప్పకుండా ముందు నోటు సంగతి ఎత్తినదాన్ని, ఇప్పుడు ఏ మొహంతో చెప్పను?

ఆవిడ నోటు నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ముడిచింది. "అమ్మకాలూ వద్దు ఏమీ వద్దు. ఇది పట్టుకెళ్ళి ఆ బాబుకివ్వు. పెళ్ళిళ్ళకెళ్ళడం మానేసేడని కొట్టు వాళ్ళు చెప్పేరు. నా నోటి దురుసే, ఆవేళ ఆ మాట అనకుండా ఉండాల్సింది. చెల్లిందని చెప్పమ్మా. మామ్మ చెప్పిందని చెప్పు. ఇంక పెళ్ళిళ్ళకి వెళ్ళమను."

"ఆయ్, చెప్తానండి" అన్నాను.